ఎర్ర క్యాలిపర్ కవర్లు, నల్లబడిన బ్రేక్ ఆయిల్

‘బ్రేకులు ఫెయిల్ కావడంతో అదుపు తప్పి...’ ఈ వాక్యం మన తెలుగు పత్రికల్లో ఎన్నేళ్లుగా ఆరామ్‌గా బతికేస్తోందో గమనించారా దోస్తులారా? లోయలో పడిన జీపుకీ ఇదే వాక్యం, డివైడర్ ఎక్కిన కారుకీ ఇదే, రోడ్డు పక్క టీ కొట్టులోకి దూసుకుపోయిన లారీకీ ఇదే. నా పేషా ఖబర్లు రాయడమే కాబట్టి చెబుతున్నా, ఇది ఖబర్ కాదు. ఖబర్ మీద కప్పిన చాదర్. పిడుగు పడ్డట్టు, భూకంపం వచ్చినట్టు బ్రేకు దానంతటదే ‘ఫెయిల్’ అయిపోయిందట! ఇక ఎవరి ఖుసూరూ లేదు. డ్రైవర్ మాసూమ్, ఓనర్ మాసూమ్, మేస్త్రీ మాసూమ్, కార్ల కంపెనీ మాసూమ్. సర్కార్ పేరైతే ఆ వార్తలో రానే రాదు. అంతా కిస్మత్.

ఇంకో పక్క మన కుర్రాళ్లకు కొత్త షౌక్ ఒకటి పట్టుకుంది. దాని పేరు బ్రేక్ అప్‌గ్రేడ్. లక్ష, లక్షన్నర పెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఆల్టో కొంటారు. ఫోన్లో వీడియోలు చూస్తారు. చిల్లులు పొడిచిన డిస్కులు కావాలంటారు, ఎర్ర రంగు క్యాలిపర్లు కావాలంటారు. అసలీ క్యాలిపర్ కొనే తాహత్ లేనివాళ్లు ఉన్నదాని మీద ఎర్ర ప్లాస్టిక్ కవర్ తగిలించి, స్పోర్ట్స్ కారు వాళ్ల ఖాందాన్‌లో కలిసిపోయామని ఖుష్ అయిపోతారు.

‘ఫెయిలైంది’ అని చేతులు దులుపుకునేవాడు, ‘అప్‌గ్రేడ్ చేశా’ అని ఛాతీ విరుచుకునేవాడు ఇద్దరూ ఒకే గలతీ చేస్తున్నారని నా వాదన. ఇద్దరికీ తమ బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలియదు. తెలుసుకోవాలన్న ఫికర్ కూడా లేదు.

ఈ సంగతి చంద్రగిరి నుంచి రాయడానికి వజా ఉంది. మా ఊరు చుట్టూ కొండలు. ఒక పక్క తిరుమల. ఇంకో పక్క పీలేరు, మదనపల్లె వెళ్లాలంటే భాకరాపేట ఘాట్ ఎక్కి దిగాల్సిందే. చిత్తూరు దాటి పలమనేరు పోవాలంటే మొగిలి ఘాట్. మా ఇళ్లలో నిఖా అంటే బంధువులు రాయచోటి నుంచి, మదనపల్లె నుంచి, కలికిరి నుంచి వస్తారు. అయిదుగురు కూర్చునే కారులో ఏడుగురు, డిక్కీలో సామాను, ఒళ్లో పిల్లలు. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థం కోసం వస్తున్న పెళ్లివారి బస్సు ఈ భాకరాపేట ఘాట్‌లోనే లోయలో పడింది. కనీసం ఎనిమిది మంది పోయారు, నలభై మందికి పైగా గాయపడ్డారు. తెల్లారితే దావత్ జరగాల్సిన ఇల్లు. 2024 సెప్టెంబర్‌లో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని మళ్లీ శవాల లెక్క. అవి పెద్ద బండ్లు, మనవి చిన్న కార్లు అనుకోకండి. ఏటవాలు రోడ్డుకు చిన్నా పెద్దా తేడా లేదు.

మా ఖాలా కొడుకు ఈ మధ్య అడిగాడు: “భాయ్‌జాన్, ఆల్టోకి పెద్ద డిస్కులు వేయించుకుందామనుకుంటున్నా. ముప్పై వేలు అవుతాదంట. బండి జబర్దస్త్‌గా ఆగుతాదంట కదా?”

“నీ టైర్లు ఎప్పుడు మార్చినావురా?” అన్నాను.

“టైర్లకు ఏమైంది? బానే ఉండాయి.”

“బ్రేక్ ఆయిల్?”

“దాన్ని కూడా మారస్తారా?”

ఈ రెండు జవాబుల్లోనే మన సమాజం మొత్తం ఉంది. ఇప్పుడు హిసాబ్ చూద్దాం.

కారును ఆపేది బ్రేకు కాదు, టైరు. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. ఆ చక్రం రోడ్డును పట్టుకోవాలి. ఆల్టో 800 టైరు 145 మిల్లీమీటర్ల వెడల్పు, 12 అంగుళాల రిమ్ము. రోడ్డును తాకే భాగం ఒక్కో టైరుకు మన అరచేయంత. కంపెనీ ఇచ్చిన బ్రేకు మంచి హాలత్‌లో ఉంటే, గట్టిగా తొక్కినప్పుడు చక్రాన్ని బిగబట్టేసే తాఖత్ దానికి ఇప్పటికే ఉంది. అంటే బ్రేకు బలం టైరు పట్టు కంటే ఎక్కువే. అలాంటప్పుడు ఇంకా పెద్ద డిస్కు వేస్తే ఏం ఫాయిదా? టైరు జారేది అంతే దూరం జారుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల రఫ్తార్‌లో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె కనిపించి, కాలు పెడల్ మీదికి చేరేసరికి ఒక సెకను. ఆ 22 మీటర్లు బ్రేకు ఇంకా అంటుకోకముందే అయిపోయాయి. తర్వాత పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఇంకో 32 మీటర్ల దాకా పడుతుంది. అదే గుండైపోయిన టైర్లతో వానలో అయితే ఈ రెండో దూరం రెట్టింపు అయిపోతుంది. డిస్కు బంగారంతో చేయించినా సరే. కారు టైరు మీద గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. గాడి మధ్యలో చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని ఖతం. చూడ్డానికి ఒక్క పైసా ఖర్చు లేదు. ఎంతమంది చూస్తున్నారు?

మరి పెద్ద డిస్కు దేనికి? గర్మీ కోసం. బ్రేకు అంటే రఫ్తార్‌ని వేడిగా మార్చే యంత్రం, అంతకుమించి ఏమీ లేదు. ఒక్కసారి ఆగడంలో పెద్ద డిస్కుకూ చిన్న డిస్కుకూ పెద్ద ఫరక్ ఉండదు. మళ్లీ మళ్లీ తొక్కుతూ పోతే పెద్ద డిస్కు ఆ వేడిని ఎక్కువ సేపు ఓర్చుకుంటుంది. రేసు ట్రాక్ మీద తిరిగేవాళ్లకు అది జరూరత్. ‘మరి ఘాట్‌లో అదే కదా కావాల్సింది’ అని కుర్రాళ్లు వెంటనే అంటారు. సహీ సవాల్. జవాబ్ వినండి.

తిరుమల నుంచి తిరుపతికి దిగితే సుమారు 700 మీటర్ల ఎత్తు దిగినట్టు. దిగే బండ్లు వచ్చేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా, మలుపు మీద మలుపు. ఆల్టో బరువు సుమారు 750 కిలోలు. మనుషులు, సామాను కలిపితే 1100 కిలోలు అనుకోండి. ఆ వజన్ అంత ఎత్తు దిగినప్పుడు బయటికి రావాల్సిన శక్తి, అదే కారును 80 రఫ్తార్ నుంచి సుమారు 28 సార్లు పూర్తిగా ఆపినప్పుడు వచ్చేదానితో సమానం. దావత్‌లో పెట్టే పెద్ద దేగ్చీలో ఇరవై లీటర్లకు పైగా నీళ్లను మరిగించేంత వేడి అది. గాలి కొంత తీసుకుంటుంది, టైర్లు కొంత తీసుకుంటాయి, గేరులో ఉంటే ఇంజన్ చాలా తీసుకుంటుంది. మిగిలిందంతా ఆ చిన్న డిస్కులు, వెనక డ్రమ్ములే మింగాలి.

ఇప్పుడు మన డ్రైవింగ్ ఉస్తాదులు ఏం చేస్తారు? దిగుడు రాగానే గేరు తీసేసి న్యూట్రల్‌లో వేస్తారు. కొందరు ఇంకా ముందుకెళ్లి ఇంజనే ఆపేస్తారు. పెట్రోల్ బచాయించడానికి! అంటే వేడిని పంచుకునే ఇంజన్‌ని వాళ్లే పక్కకు నెట్టేసి, మొత్తం భారం బ్రేకు నెత్తిన వేస్తున్నారు. ఇంజన్ ఆపితే ఇంకో ఆఫత్. మన పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ పెట్రోల్ కార్లలో ఇంజన్ లాగే గాలితోనే పనిచేస్తుంది. ఇంజన్ ఆగితే అందులో నిలవున్న బలం రెండు మూడు తొక్కుళ్లకు సరి. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పేశారా, స్టీరింగ్ లాక్ పడే ఖతరా కూడా ఉంది.

పైగా బచత్ అనేదే ఝూట్. కార్బురేటర్ జమానాలో న్యూట్రల్ సలహాకి ఏదో కొంత అర్థం ఉండేదేమో. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజన్‌కి పెట్రోల్ సరఫరా దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తేనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోల్ తాగుతుంది. అంటే మన ఉస్తాద్ పెట్రోలూ పోగొట్టుకుంటున్నాడు, బ్రేకూ పోగొట్టుకుంటున్నాడు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి అని పాత లారీ డ్రైవర్లు చెప్పేది ఇప్పటికీ సోలా ఆనే సచ్.

ఇక బ్రేక్ ఆయిల్. దాన్ని ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు, గాలిలో తేమను పీల్చుకునే ద్రవం. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. నీరు పీల్చుకున్నాక ఆ హద్దులు 140కీ, 155కీ పడిపోతాయి. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. మార్చకుండా అయిదారేళ్లు తిప్పిన ద్రవం టీ డికాక్షన్ రంగుకి వస్తుంది. ఘాట్‌లో బ్రేకు కాగి, ఆ వేడి క్యాలిపర్‌లోకి ఎక్కితే లోపల ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే అది బలాన్ని ముందుకు పంపుతుంది. ఆవిరిని నొక్కితే అది ముడుచుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. దీనికే మనం పెట్టుకున్న పేరు ‘బ్రేక్ ఫెయిల్’.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టే హకీకత్ ఒకటుంది. గంట తర్వాత బ్రేకు చల్లబడితే ఆ ఆవిరి మళ్లీ ద్రవంగా మారుతుంది. పెడల్ తిరిగి గట్టిగా వచ్చేస్తుంది. మరునాడు ఎవరైనా వచ్చి తొక్కి చూస్తే బ్రేకు బానే ఉంటుంది. అప్పుడు డ్రైవర్ అబద్ధమాడాడని ఇల్జామ్. లేదా పత్రికలో ఆ రెండు ముక్కలు, కేసు ఫైలు బంద్. ద్రవాన్ని సీసాలోకి తీసి అందులో నీరెంతుందో చూస్తే తప్ప సచ్చాయీ బయటికి రాదు. విలేకరులం మనం అడగాల్సిన సవాల్ ‘బ్రేకు ఫెయిలైందా?’ కాదు. ‘ఆ బండికి ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఎంతమంది ఎక్కారు? ఏ గేరులో దిగారు?’ ఈ మూడు.

ఇప్పుడు అప్‌గ్రేడ్ సంగతి. 12 అంగుళాల రిమ్ములో పెద్ద డిస్కు పట్టదు. కాబట్టి ముందు రిమ్ములు పెంచాలి, దాంతో టైర్లు మారాలి. పెద్ద క్యాలిపర్ పిస్టన్‌కి ఎక్కువ ద్రవం కావాలి. పాత మాస్టర్ సిలిండర్ అంత పంపాలంటే పెడల్ ఇంకా లోపలికి వెళ్లాలి. ముందు, వెనక బ్రేకుల మధ్య కంపెనీ ఇంజనీర్లు లెక్కగట్టి ఒక తరాజు పెట్టి ఉంటారు. ముందు బలం ఇష్టమొచ్చినట్టు పెంచితే ముందు చక్రాలు తొందరగా బిగుసుకుని స్టీరింగ్ మాట వినదు. వెనక పెంచితే ఇంకా అన్యాయం, వానలో బండి బొంగరంలా తిరుగుతుంది. చిల్లుల డిస్కుల్లో నకిలీ సరుకైతే ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. ఇక ఆ ఎర్ర ప్లాస్టిక్ కవర్, గాలి తగలాల్సిన చోట గాలిని ఆపుతుంది. వేడి తట్టుకోవడానికని మొదలుపెట్టిన షౌక్ వేడిని పట్టి ఉంచడంతో ముగుస్తుంది. దీన్ని అప్‌గ్రేడ్ అంటే జుబాన్‌కే బేఇజ్జతీ.

ఖానూన్ సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో అదే మాట గట్టిగా చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు చూసేది ఇలాంటి చోటే.

‘అంటే పేదవాడు మంచి బ్రేకు కోరుకోవడం తప్పా?’ అని అడుగుతారు. నహీ జనాబ్. కోరిక సహీ, ఖర్చు పెట్టే చోటు గలత్. ఆ ముప్పై వేలలో నాలుగు మంచి టైర్లు వస్తాయి. అసలీ ప్యాడ్లు, వెనక డ్రమ్ములకు షూలు వస్తాయి. కొత్త డాట్ 4 ద్రవం వస్తుంది, కాకపోతే మీ బండి పుస్తకం ఏది వాడమంటే అదే. పాతబడి ఉబ్బే రబ్బరు గొట్టాలు మారతాయి. బిగుసుకుపోయిన క్యాలిపర్ పిన్నులు శుభ్రమవుతాయి. ఇదంతా అయ్యాక కూడా ఇంట్లో ఒక దావత్‌కి సరిపడా డబ్బు మిగులుతుంది. ఇది ఎవరికీ కనిపించదు, వీడియో తీయడానికి పనికిరాదు. బండి మాత్రం ఆగుతుంది.

అయితే షౌక్‌ని తిట్టి ఊరుకుంటే అది ఇన్సాఫ్ కాదు. ఈ షౌక్ ఎక్కడ పుట్టింది? చిన్న కారు కొనేవాడి ప్రాణం చవక అని ముందు ప్రకటించింది కంపెనీలే. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చిన నానోకి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఆల్టో 800, నానోతో సహా మన దేశపు అయిదు చిన్న కార్ల ప్రాథమిక మోడళ్లను గుద్దించి చూస్తే అయిదింటికీ సున్నా స్టార్లు. చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ చాలా ఏళ్ల పాటు పై వేరియంట్ల దౌలత్. కింది వేరియంట్ కొన్నవాడికి మ్యూజిక్ సిస్టమ్ అయినా దొరికేది కానీ ఏబీఎస్ దొరికేది కాదు. చివరికి సర్కార్ మెడలు వంచితేనే 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు, 2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. అప్పటికి అమ్మిన కార్లన్నీ ఏమయ్యాయి? అవే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మా ఖాలా కొడుకు లాంటివాళ్ల చేతికి వస్తున్నాయి. ఏబీఎస్ దుకాణంలో కొని తగిలించుకునే చీజ్ కాదు. కంపెనీ ఇవ్వనిదాన్ని కుర్రాడు ఎర్ర రంగులో వెతుక్కుంటున్నాడు. అతని మీద నాకు కోపం కంటే దర్ద్ ఎక్కువ.

సర్కార్ జిమ్మేదారీ అక్కడితో అయిపోలేదు. పసుపు బోర్డు టాక్సీకి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. తెల్ల బోర్డు సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఈ 15 ఏళ్లలో బ్రేకు ఎలా ఉందని అడిగేవాడు లేడు. మధ్యలో బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పడతాయి. పేరు మారుతుంది. బ్రేకు పరీక్ష అనే మాటే ఆ కాగితాల్లో లేదు. నా డిమాండ్ సాఫ్‌గా చెబుతున్నా. సొంత కారైనా సరే, చేతులు మారేటప్పుడు బ్రేకు పరీక్ష, ఆయిల్‌లో తేమ పరీక్ష తప్పనిసరి చేయాలి. తేమ చూసే పరికరం పెన్ను సైజులో ఉంటుంది, పని నిమిషంలో అయిపోతుంది. ఇది రాకెట్ సైన్స్ కాదు, నియ్యత్ కావాలి అంతే.

‘ఇంత రూల్సు పెడితే గరీబోడు కారు కొనేదెట్లా నా?’ అని మా చంద్రగిరి వాళ్లే నన్ను అడుగుతారు. ఆ పరీక్షకయ్యే ఖర్చు అమ్మేవాడి నెత్తిన పెట్టండి అంటాను. అరిగిన బ్రేకును అమాయకుడికి అంటగట్టి డబ్బు లెక్కపెట్టుకునేవాడికి రియాయత్ ఎందుకు? గరీబోడి పేరు చెప్పి గరీబోడి భద్రతనే కోసేయడం మన దేశంలో పాత ఆదత్.

పేషాలోని దోస్తులకు ఒక గుజారిష్. పోలీసు నోట్‌లో ‘బ్రేకులు ఫెయిల్’ అని ఉంటే యథాతథంగా దించేయకండి. ఎవరు చెప్పారో రాయండి, ఎవరు పరీక్షించారో అడగండి. పరీక్ష జరగకపోతే అదే ఖబర్.

చదివేవాళ్లకు ఒక మాట. మన కార్లలో అద్దానికి తావీజు వేలాడుతుంది, పక్కింటి అన్న బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు కడతాడు. ఎవరి నమ్మకం వాళ్లది, నాకేం ఏతరాజ్ లేదు. కానీ తఖ్దీర్ మాట తద్బీర్ అయ్యాక ఎత్తాలి. ఈ ఆదివారం బానెట్ ఎత్తండి. బ్రేక్ ఆయిల్ డబ్బా రంగు చూడండి. ఇంజన్ ఆన్ చేసి పెడల్ తొక్కి, అర నిమిషం అలాగే ఉంచండి. మెల్లగా కిందికి జారుతుంటే ఆ బండి గేటు దాటకూడదు. టైరు గాడిలో వేలు పెట్టండి. వచ్చే నెలలో పీలేరు దాకా దావత్ ఉంటే ఏడుగురిని ఎక్కించకండి, ఇద్దరిని బస్సులో పంపండి. దిగుడులో గేరు తీయకండి.

ముప్పై వేలు లేకపోయినా ఇవన్నీ చేయొచ్చు. ఘాట్ దిగేటప్పుడు వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలకు మన డిస్కు రంగు తెలియదు. మనం గేరు తీయలేదన్న సంగతి కూడా తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు. వాళ్లు ఇంటికి చేరితే చాలు.